పిళ్ళైచావడి ఇసక

పాండిచ్చేరి ఊళ్ళోంచి ఉత్తరానికి, మరక్కాణం మీదుగా మద్రాసు వెళ్ళే రోడ్డు పట్టుకుని ఓ పది కిలోమీటర్లు వస్తే పిళ్ళైచావడి. మధ్యలో కోటకుప్పం, బొమ్మయార్‌పాళయం దగ్గర కాస్త దూరం తమిళనాడు తగిలి, మళ్ళీ పాండిచ్చేరి మొదలవుతుంది. ఫ్రెంచివాళ్ళు గీసిపోయిన సరిహద్దులు అలా ముక్కలు ముక్కలుగానే ఉండిపోయాయి. మా యానాం కూడా అలాంటి ముక్కే కాబట్టి, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరమైనా, అక్కడ ఉద్యోగమంటే మావాళ్ళు పరాయి ఊరు అనుకునేవారు కాదు. కాలాపేటలో 1985లో సెంట్రల్ యూనివర్సిటీ పెట్టారు. ఇంచుమించు అప్పుడే పిళ్ళైచావడిలో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. ఆ కాలేజీ ల్యాబులో నాన్నకి పని దొరికింది. గోదారి గట్టు మీద పుట్టి పెరిగి, సముద్రాన్ని పెళ్ళయ్యాకే చూసిన మా అమ్మ, జాలర్ల వీధి చివర ఒక పెంకుటింట్లో సామాను దింపుకుంది.

రండి, ఆ ఇంటి నుంచి ఒడ్డుదాకా నడుద్దాం. వీధిలో ఎర్రమట్టి అయిపోయి ఇసక మొదలయ్యే చోట మేం ఆయా అని పిలిచే ముసలమ్మ ఇల్లు, తాటాకు కప్పు, ముందు వేపచెట్టు, చెట్టు కొమ్మకి ఎప్పుడూ ఆరుతూ ఉండే వల, ఆ వల కింద ఎప్పుడూ పడుకుని ఉండే పిల్లి. అది దాటితే సరుగుడు తోట. కిందపడిన సరుగుడాకు మెత్తగా తొక్కుకుంటూ పోతుంటే పైన గాలి చేసే హోరుకీ అవతల కెరటాల హోరుకీ తేడా తెలిసేది కాదు, చీకటి పడితే సముద్రం తోటలోకి వచ్చేసిందని మా తమ్ముడు ఏడుపు అందుకునేవాడు. తోట దాటాక ఇసక దిబ్బలు. మా నెత్తికి మించిన ఎత్తు, వాటి మీద అల్లుకున్న బాలబంది తీగ, ఊదారంగు పూలు, తీగ లేనిచోటల్లా రావణాసురుడి మీసాలు, వేసవిలో ఆ గడ్డి నుంచి తెగి గాలికి ఒడ్డంతా దొర్లిపోయే ముళ్ళ బంతులు, వాటి వెంటపడి పరుగెత్తే మేము. దిబ్బ దిగితే కట్టుమరాలు, ఒకటీ రెండూ కాదు, వరసలు. వాటి తరవాత కూడా ఇంకా ఇసకే. మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా బయల్దేరితే ఒక కట్టుమరం నీడ నుంచి ఇంకో కట్టుమరం నీడకి గెంతుతూ, అరికాళ్ళు చల్లార్చుకుంటూ వెళితే తప్ప నీళ్ళు అందేవి కావు.

ఆయా మాకు చుట్టం కాదు, పక్కింటి ముసలమ్మ. పిల్లలందరికీ ఆయా, మా అమ్మకి అక్క. అమ్మ యానాం తెలుగులో అడిగేది, ఆవిడ పాండి అరవంలో జవాబు చెప్పేది, ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. "ఏటక్కా, ఇయ్యాల ఏం పడ్డాయి?" అంటే ఆయా పేర్లు చెప్పకుండా నేరుగా గంప మీది తడిగోనె లాగేసేది. నెత్తళ్ళు, కవళ్ళు, కారలు, కానాగంతలు, ఎప్పుడైనా ఒక చందువ. చందువ అమ్మడానికే, ఆయా ఇంట్లో ఎన్నడూ వండగా చూడలేదు. అమ్మ ఆ గంపంతా చూసి, "ఎన్నుంటే ఏం, పులసకి సాటొస్తాయా" అని గోదారిని తలుచుకుని, నెత్తళ్ళు తీసుకుని మామిడికాయ వేసి వండేది. మిగిలినవి ఆయా దిబ్బ పక్కన ఇసక మీదే ఆరబోసేది. ఆ వాసన మా బడి యూనిఫారాలకీ, పుస్తకాలకీ కూడా పట్టేది. కాలేజీ క్వార్టర్స్ నుంచి వచ్చే పిల్లలు ముక్కు మూసుకుంటే మాకు చాలా కోపం వచ్చేది.

ఆయా ఇంకో పని చేసేది. వేసవిలో పంపు ఎండిపోతే దిబ్బ వెనకాల కూచుని చేత్తోనే చెలమ తవ్వేది. మోచేతి లోతున తడి తగిలేది, ఇంకాస్త తవ్వితే నీళ్ళు ఊరేవి, తియ్యటి నీళ్ళు, దిబ్బకి అవతల ఉప్పు సముద్రం పెట్టుకుని. వాననీళ్ళని ఇసకదిబ్బ పీల్చి దాచుకుంటుందనీ, మంచినీరు తేలిక కాబట్టి అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలి ఉంటుందనీ నాన్న చెప్పాడు. ఆయాకి ఆ కారణం అక్కర్లేదు. చెలమ తవ్వే ముందు ఇసకకి దణ్ణం పెట్టుకునేది, అంతే.

తెల్లారకముందే కరవల లాగేవారు. మన వైపు అలివి వల అంటారే, అదే. వల ఒక కొస తాడు ఒడ్డున నలుగురి చేతుల్లో పెట్టి, పడవ మిగతా వల వదులుకుంటూ లోపలికి పోయి, పెద్ద చుట్టు తిరిగి, బాగా దూరాన మళ్ళీ ఒడ్డుకొచ్చి రెండో కొస ఇచ్చేది. ఇక అక్కణ్ణుంచి రెండు పక్కలా జనం, ఆడా మగా, ముసలీ ముతకా, బడికి పోవలసిన పిల్లలూ, నడుముకి తాడు తగిలించుకుని, ఏలేలో అని ఒకరు ఎత్తుకుంటే ఐలసా అని అందరూ అందుకుంటూ, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, కట్టుమరాల వరస దాకా, అది దాటి దిబ్బ మొదలు దాకా వెళ్ళి, అక్కడ తాడు వదిలి మళ్ళీ నీళ్ళదాకా పరుగెత్తి కొత్తగా పట్టుకునేవారు. ఆ లాగుడుకి వెనక అంత చోటుండాలి. రెండు గంటలు లాగాక వల సంచి ఒడ్డు తగిలేసరికి అందులో తళతళలాడే చేపలతోపాటు జెల్లీచేపలు, పీతలు, పొట్ట ఉబ్బించుకుని బుసకొట్టే చేప, ఎప్పుడైనా ఒక సముద్రపు పాము. దాన్ని మాత్రం కర్రతో తీసి నీళ్ళలోకి విసిరేసేవారు, చంపేవారు కాదు. తాడు పట్టుకున్న ప్రతివాళ్ళకీ వాటా. మా తమ్ముడు పట్టుకున్నాడంతే, లాగింది లేదు, అయినా వాడికీ దోసెడు నెత్తళ్ళు పెట్టేవారు.

పెద్దవాళ్ళకి వల, మాకు కెరటం వెనక్కి తీసేచోటు. అక్కడ తడి ఇసకలో గోరంత జంట గుల్లలు, ఊదా, పసుపు, గులాబీ, తెలుపు, ఏ రెంటికీ ఒకే చార ఉండదు. కెరటం వాటి మీది ఇసక కడిగేసి బయటపెడితే, మనం వంగి చేయి చాపేలోగా నిలువుగా లేచి మళ్ళీ లోపలికి దిగిపోయేవి. వాటి పక్కనే ఇసక పీతలు, వెనక్కి నడుస్తూనే మునిగిపోయేవి. వీటన్నిటి కోసం ఉల్లంకిపిట్టలు, కెరటం వస్తే పైకి, పోతే కిందికి, కాలు తడవకుండా పరుగులు. నీటిలో కొట్టుకొచ్చే చెత్తాచెదారాన్ని ఆ గుల్లలు వడకట్టుకు తింటాయనీ, వాటిని పిట్టలూ పీతలూ చేపపిల్లలూ తింటాయనీ, ఒడ్డు మీద పారిశుధ్యమంతా అవే చూసుకుంటాయనీ తరవాత చదువుకున్నాను. అప్పుడు మాత్రం జేబుల్నిండా ఏరుకోవడమే. కణవాయి ఎముక దొరికితే అమ్మకి ఇవ్వాలి. సముద్రపు నురుగు అని దాచిపెట్టి, చెవిపోటు వస్తే అరగదీసి మందుగా వేసేది. దానివల్ల తగ్గినట్టు నాకెప్పుడూ అనిపించలేదు.

సంక్రాంతి వెళ్ళాక తాబేళ్ళు వచ్చేవి. మేము రాత్రి చూడ్డానికి అమ్మ ఒప్పుకునేది కాదు, పొద్దున్నే వెళితే నీళ్ళ నుంచి దిబ్బదాకా, దిబ్బ నుంచి నీళ్ళదాకా ట్రాక్టరు తోలినట్టు రెండు జాడలు ఉండేవి. ఆలివ్ రిడ్లీ తాబేలు ఒక గూటిలో సుమారు వంద గుడ్లు పెడుతుంది, అవి ఇసక వెచ్చదనానికే పొదిగి దాదాపు యాభై రోజులకి పిల్లలవుతాయి. పిల్ల ఆడదా మగదా అనేది కూడా ఆ ఇసక వేడే తేలుస్తుందట. జాడ కనిపించగానే ఆయా మనవడు చీపురుతో దాన్ని చెరిపేసేవాడు, కుక్కలకీ గుడ్లు తినేవాళ్ళకీ ఆనవాలు దొరక్కుండా. ఆ పని వాడికి ఎవరు చెప్పారో తెలీదు. ఇంట్లో వాళ్ళ నాన్నే గుడ్లు ఉడకబెట్టుకునేవాడని వీధంతా తెలుసు.

కొన్ని రాత్రులు కెరటాలు నీలంగా వెలిగేవి. విరిగిన చోటల్లా వెలుగు, తడి ఇసక మీద అడుగేస్తే అడుగు చుట్టూ వెలుగు. ఏడాదికి ఒకసారో, రెండేళ్ళకి ఒకసారో. 2019 ఆగస్టులో చెన్నై బీచుల్లో అదే వెలుగు కనిపిస్తే ఊరు ఊరంతా ఫోన్లు పట్టుకుని వెళ్ళింది. నాక్టిలూకా అనే కంటికి సరిగా ఆనని జీవి అది, కదిలిస్తే వెలుగుతుంది. అది ఎక్కడైనా ఎప్పుడైనా పుట్టగలదు గానీ, ఊళ్ళ మురుగూ పొలాల ఎరువూ నీళ్ళలో కలిసేచోట దానికి తిండి ఎక్కువ, అది విపరీతంగా పెరిగితే అడుగున చేపకి ఊపిరి తక్కువ. అందుకని ఇప్పుడు ఆ వీడియోలు ఎవరైనా పంపిస్తే ఏమనాలో తెలీక ఊరుకుంటాను.

ఆదివారాలు నాన్న మమ్మల్ని బస్సెక్కించి పాండి తీసుకెళ్ళేవాడు. గాంధీ విగ్రహం దగ్గర శనగలు, ఒక ఐస్, సముద్రంలోకి కట్టిన పాత వంతెన చివరిదాకా కాదు గానీ మొదలుదాకా నడక. ఆ రోజుల్లోనే, 1986 నుంచి 1989 దాకా, ఊరికి దక్షిణాన తేంగాయ్‌తిట్టు దగ్గర, అరియాంకుప్పం ఏరు సముద్రంలో కలిసే చోట హార్బరు కట్టారు. సముద్రంలోకి రెండు రాతిగట్లు పోసుకుంటూ పోయారు. హార్బరు వస్తే పెద్ద బోట్లు వస్తాయి, ఐసు ఫ్యాక్టరీలు వస్తాయి, పనులు దొరుకుతాయి అని అందరికీ సంతోషమే, పిళ్ళైచావడిలో కూడా. మేము హైస్కూల్లోకి వచ్చేసరికి గాంధీ విగ్రహం దగ్గర దిగడానికి ఇసక లేదు, కెరటం గోడకే కొడుతోంది. ఇంకొన్నాళ్ళకి లారీలకొద్దీ నల్లరాళ్ళు దింపారు. రాళ్ళ మీద కూచుని శనగలు తిన్నాం. బాగానే ఉంది అనుకున్నాం.

ఇసక నడుస్తుందని ఆయాకి తెలుసు. తూర్పుతీరంలో దక్షిణపు గాలి వీచే నెలలన్నీ కెరటం ఒడ్డుని ఏటవాలుగా తాకి, ఇసకని రవ్వ రవ్వగా ఉత్తరానికి జరుపుతుంది. ఈశాన్యపు గాలి నెలల్లో కొంత వెనక్కి తెస్తుంది, కానీ వెళ్ళినంత రాదు. ఏడాది లెక్క చూస్తే లక్షల ఘనపు మీటర్ల ఇసక కడలూరు వైపు నుంచి మా ముందు నుంచి మరక్కాణం వైపు పోతూ ఉండేదన్నమాట. మా ఒడ్డు మాది కాదు, దక్షిణం నుంచి వస్తున్నంతకాలం ఉన్నది, అంతే. రాతిగట్టు అడ్డం పడ్డాక ఇసక దాని దక్షిణపు పక్కన ఆగి, అక్కడ బీచి పెరిగింది. ఉత్తరాన సముద్రం తీసుకుపోవడం మానలేదు, ఇచ్చేది మాత్రం ఆగిపోయింది. ఇది కొత్త విద్యేం కాదు. 1876లో మొదలుపెట్టి మద్రాసు హార్బరు కడితే దాని దక్షిణాన పేరుకున్నదే మెరీనా బీచి, ఉత్తరాన రాయపురం వైపు కోసుకుపోయింది. తెలిసే, పాండిచ్చేరి హార్బరు ప్లానులోనే ఆగిన ఇసకని యంత్రాలతో తోడి ఉత్తరాన పోయాలని రాసుకున్నారు. ఆ పని జరగవలసినంత జరగలేదు. విశాఖపట్నంలో ఔటర్ హార్బరు కట్టాక ఇదే చిక్కు వస్తే, అక్కడి పోర్టు డ్రెడ్జరుతో ఇసక తోడి ఆర్కే బీచి మీద పోస్తూ వస్తోంది. అది కూడా పూర్తి మందు కాదు, కానీ మందే.

రాళ్ళు ఊరిని కాపాడతాయి, సముద్రం ఆకలిని పక్కవాడి మీదికి తోస్తాయి. పాండి ఊరి ముందు రాళ్ళు పడితే వైత్తికుప్పం, సోలైనగర్ కోసుకుపోయాయి. అక్కడా రాళ్ళు పడితే కోటకుప్పం. కోటకుప్పం వైపు సముద్రంలోకి అడ్డకట్టలు వేస్తే ఆ పైన. రెండు ప్రభుత్వాలు, మధ్యలో ఫ్రెంచివాళ్ళ గీత, ఇసకకి మాత్రం ఏ గీతా తెలీదు. మాసిమఖం పండక్కి మైలం మురుగన్ అంత దూరం నుంచి సముద్రస్నానానికి వచ్చేది వైత్తికుప్పానికే, చుట్టుపక్కల ఊళ్ళ దేవుళ్ళంతా అక్కడ కలిసేవారు. దేవుళ్ళని దించుకోడానికీ ఇసకే కావాలి మరి.

నాన్న రిటైరయ్యాక యానాం వచ్చేశాం. ఎప్పుడు వెళ్ళినా పిళ్ళైచావడి ఒకలా లేదు. మొదటిసారికి కట్టుమరాల స్థానంలో ఫైబరు పడవలు, మోటారు చప్పుడు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చిపోయాక సాయం చెయ్యడానికి వచ్చినవాళ్ళు పడవలే ఎక్కువ పంచారు, అంతకుముందు ఉన్నవాటికన్నా చాలా ఊళ్ళలో పడవలు పెరిగాయి, చేప మాత్రం పెరగలేదు. అటు హార్బరు నుంచి ట్రాలర్లు అడుగు ఊడ్చుకుంటూ దగ్గరిదాకా వచ్చేవి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంది, మంచిదే, కానీ తాబేళ్ళు ఒడ్డుకి వచ్చేది అంతకుముందు. గుడ్లకోసం దగ్గర నీళ్ళలోకి వచ్చిన తాబేలు ట్రాలు వలలో చిక్కితే పైకి వచ్చి ఊపిరి పీల్చుకోలేక మునిగి చస్తుంది. 2025 జనవరిలో చెన్నై చుట్టుపక్కల తీరానికి వందలాది కళేబరాలు కొట్టుకొచ్చాయి. తాబేలు తప్పించుకోడానికి వలకి ఒక తలుపు అమర్చవచ్చు, అది ఎప్పటినుంచో ఉంది. దాంతోపాటు కొంత చేప పోతుందని బోటువాళ్ళ బాధ.

తరవాతి సారికి సరుగుడు తోట సగం. ఆ తరవాత దిబ్బలు లేవు, దిబ్బ వెనక చెలమ తవ్వితే ఉప్పునీళ్ళు. ఆయా అవేవీ చూడలేదు, సునామీకి ముందే పోయింది. వేపచెట్టు కొన్నాళ్ళు వేళ్ళు బయటపెట్టుకుని నిలబడింది. 2022 డిసెంబర్‌లో మాండూస్ తుపాను మామల్లపురం దగ్గర తీరం దాటిన రోజుల్లో పిళ్ళైచావడిలో ఒడ్డు మీది ఇళ్ళు కొన్ని సముద్రంలోకి కూలాయి, జనం రోడ్డు మీదికి వచ్చి కూచున్నారు. ఆయా మనవడు ఫోన్‌లో వీడియో పంపాడు. గోడ పడుతోంది, పక్కింటి గోడకి వినాయకుడి క్యాలెండరు ఇంకా వేలాడుతోంది, ఎవరో "బీరువా, బీరువా" అని అరుస్తున్నారు. నేను ఆ వీడియోలో సరుగుడు తోట ఎక్కడుండేదో లెక్కగడుతూ కూచున్నాను. కెరటాలు విరుగుతున్న చోటికి ఇంకా అవతల.

రాళ్ళు వేయమని అడిగేవాళ్ళని నేను తప్పుపట్టను. రేపు ఇల్లు పోయేవాడికి రాయి కనపడుతుంది, ఇసక కనపడదు. కానీ రాళ్ళు పడ్డచోట కరవల లాగలేరు, వెనక్కి అడుగేసే చోటు లేదు. పడవ ఎక్కడ ఎక్కిస్తారు? దూరంగా ఎక్కడో నిలుపుకుని అద్దె కట్టాలి, లేకపోతే హార్బరుకి పోవాలి. నెత్తళ్ళు ఆరబోసుకోడానికి రోడ్డు అంచే దిక్కు. రాయి సందున ఎలుకలుంటాయి, ప్లాస్టిక్ సంచులుంటాయి, ఆల్చిప్పలూ నత్తలూ కొన్ని చేరతాయి. గుల్లలు ఉండవు, కాబట్టి ఉల్లంకిపిట్టలు ఉండవు. తాబేలు రాత్రి ఒడ్డుకి వచ్చి, తలకి రాయి తగిలి, వెనక్కి పోతుంది. కాకినాడ దగ్గర ఉప్పాడలోనూ ఇంతే, అక్కడ ఇసక నింపిన పెద్ద పెద్ద గుడ్డ గొట్టాల గోడ కట్టారు, సముద్రం దాన్నీ చీల్చింది. దేశం మొత్తం తీరంలో మూడోవంతు కోతకు గురవుతోందని కేంద్రం తరపున తీరాల్ని కొలిచినవాళ్ళు తేల్చారు, పాండిచ్చేరి భాగంలో అయితే సగానికి పైగా.

అలాగని చెయ్యగలిగింది లేకపోలేదు. పాండి ఊళ్ళో చీఫ్ సెక్రటేరియట్ ఎదుట, 2018లో, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవాళ్ళు నీటి అడుగున త్రికోణాకారంలో ఒక ఉక్కు దిబ్బ దింపారు. అది కెరటం జోరు విరిచేస్తే ఏడాది తిరిగేసరికి ముప్ఫై ఏళ్ళుగా ఇసక లేనిచోట ఇసక చేరింది. పిల్లలు మళ్ళీ అక్కడ గూళ్ళు కడుతున్నారు. తోడిన ఇసకని కూడా దాని దగ్గర పోశారు, దానితోనే నిలబడింది.

మీరు పాండిచ్చేరి వెళ్ళినప్పుడు గాంధీ విగ్రహం దగ్గర ఆ ఇసకలో ఫోటో దిగండి, తప్పేం లేదు. దిగాక బస్సెక్కి కాలాపేట రోడ్డులో పిళ్ళైచావడి స్టాపులో దిగి, తూర్పుకి తిరిగే ఏ వీధైనా పట్టుకుని చివరిదాకా వెళ్ళి చూడండి, దూరం పోనక్కర్లేదు, వీధి త్వరగానే అయిపోతుంది. హార్బరు దక్షిణాన ఆగిన ఇసకని ఏటా తోడి ఉత్తరాన పోయడమనే పని మొదటి రోజు నుంచీ కాగితం మీద ఉంది. రాళ్ళకన్నా ముందు చేయవలసింది అదే.